పొట్ట తగ్గాలంటే హార్మోన్ ఇంజెక్షనా?

మన ఐటీ జనాల్లో ముప్ఫై దాటకుండానే పొట్టలు వచ్చేస్తున్నాయి. దాంతోపాటే "గ్రోత్ హార్మోన్ వేయించుకో, కొవ్వు ఇట్టే కరుగుతుంది" అన్న ఉచిత సలహాలూ వస్తున్నాయి. ఈ సలహాలో పస ఎంతో కాస్త చూద్దాం.

1990లో డేనియల్ రుడ్మన్ బృందం అరవై దాటిన 12 మంది మగవాళ్ళకి ఆరు నెలలపాటు ఈ హార్మోన్ ఇచ్చింది. కొవ్వు 14.4 శాతం తగ్గింది, కండ 8.8 శాతం పెరిగింది. ఇంకేముంది, యవ్వనం అమ్మే దుకాణాలు వెలిశాయి. పన్నెండు మందండీ! మనం చిన్న వెబ్‌సైటుకి కూడా అంతకన్నా ఎక్కువమందితో టెస్టింగ్ చేయిస్తాం. పైగా వాళ్ళు ఊబకాయులు కూడా కాదు. ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి 2007లో సమీక్షిస్తే తేలింది: కొవ్వు సుమారు 2 కిలోలు తగ్గింది, బరువు పెద్దగా మారలేదు. బోనస్‌గా ఒంట్లో నీరు చేరడం, కీళ్ళనొప్పులు, మన కీబోర్డు వీరులకి తెలిసిన కార్పల్ టనెల్.

లావుగా ఉన్న మగవాళ్ళలో ఈ హార్మోన్ తక్కువగా ఉంటుందన్న మాట నిజమే. కానీ బరువు తగ్గితే అది మళ్ళీ పెరుగుతుంది. అంటే తగ్గడమన్నది చాలావరకు లావు వల్ల వచ్చిన ఫలితం. ఎర్రర్ మెసేజ్‌ని దాచేస్తే బగ్ పోతుందా?

అసలు కొవ్వు తక్కువుంటే ఆరోగ్యం, ఎక్కువుంటే రోగం అన్న లెక్కే తప్పు. ఈ హార్మోన్ అతిగా ఊరే ఆక్రోమెగలీ రోగుల్లో కొవ్వు తక్కువే, అయినా షుగర్ వస్తుంది. ఎందుకంటే కొవ్వు కరిగి రక్తంలోకి చేరితే ఇన్సులిన్ పని సరిగ్గా సాగదు. ఈక్వెడార్‌లో లారాన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకి ఈ హార్మోన్ పనే చెయ్యదు. వాళ్ళకి ఒళ్ళంతా కొవ్వే, కానీ వాళ్ళలో షుగర్ కనబడలేదని 2011లో వచ్చిన పరిశోధన చెప్పింది.

కొవ్వు కణం పని మిగిలిన శక్తిని భద్రంగా దాచడం. చర్మం కింద చోటు చాలకపోతే అది పేగుల చుట్టూ, కాలేయంలోకీ చేరుతుంది. అసలు ప్రమాదం అక్కడే. మనవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. 2004లో లాన్సెట్‌లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ తమ ఫొటోనే వేసి చూపించారు. ఇద్దరి బీఎమ్ఐ 22.3. కొవ్వు మాత్రం తెల్లాయనలో 9.1 శాతం, మనాయనలో 21.2 శాతం!

కాబట్టి బరువు చూసుకునే మిషన్‌కన్నా నడుముకి టేపు మేలు. మన మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటితే హెచ్చరికే. పిట్యూటరీలో నిజంగా లోపముంటే డాక్టరుగారు పరీక్ష చేసి మందిస్తారు, అది వేరే సంగతి. మిగతావాళ్ళకి ఈ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది రాత్రి గాఢనిద్రలో, పైసా ఖర్చు లేకుండా. అర్ధరాత్రి కాల్స్ పెట్టి, పగలు జిమ్ కూపన్లు పంచే కంపెనీలు ముందు ఆ నిద్రని వదిలిపెడితే చాలు. ఏమంటారు?