కొండలు చూడ్డానికి రండి, కానీ ఊరిని అడిగి రండి



పోస్టు పొడవుగా ఉంటది, ముందే చెప్తున్నా. ఇప్పుడు ఓపిక లేనివాళ్లు సేవ్ చేసుకుని బస్సులో చదువుకోండి. కాకపోతే ఘాట్ ఎక్కాక సిగ్నల్ ఉండదు, కింద ఉండగానే ఓపెన్ చేసి పెట్టుకోండి.

మొన్న నవంబర్‌లో సెలవులకి ఇంటికెళ్లాను. మాది అరకుకీ పాడేరుకీ మధ్య, రోడ్డుని ఆనుకుని ఉన్న ఊరు. పేరు రాయను, రాస్తే మళ్లీ లొకేషన్ పెట్టమంటారు. బస్సు దిగి వస్తుంటే మా అమ్మ వలిసె చేను గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏటమ్మా, చేలో ఆవులు పడతన్నాయా?" అన్నాను.

"ఆవులైతే అదిలిస్తే పోతాయిరా. ఇవి కార్లు" అంది.

వలిసెల గురించి మన ఏజెన్సీ పిల్లలకి చెప్పక్కర్లేదు, కానీ గ్రూపులో తెలంగాణ వైపు వాళ్లు కూడా ఉన్నారు కాబట్టి రాస్తున్నా. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో మెట్ట మీద చల్లుతాం. నవంబర్, డిసెంబర్‌లో చేనంతా పసుపు పూలు. తర్వాత నల్లటి గింజలొస్తాయి, వాటితో నూనె ఆడిస్తాం. కొంత ఇంట్లోకి, మిగిలింది సంతకి. పూలు ఉన్నన్నాళ్లూ తేనెటీగలు వస్తాయి. అంతే, అది పంట. దాని పేరు ఇన్‌స్టాలో ఏటో తెలుసా? "అరకు ఫ్లవర్ గార్డెన్". గార్డెన్ అనుకున్నాక ఇంకేముంది, లోపలికి దిగిపోతారు. పెళ్లి షూటింగుల వాళ్లయితే పొడవాటి గౌను ఈడ్చుకుంటూ చేను నడిమికి వెళ్తారు. తొక్కిన మొక్క మళ్లీ లేవదు.

అందుకని మా అమ్మ రెండేళ్ల నుంచి చేను ఒక పక్కన తాడు కట్టి, అట్టముక్క మీద "ఫోటోకి 20 రూపాయలు" అని మా చెల్లి చేత రాయించి పెట్టింది. ఆ రోజు నేను పక్కనే ఉండగా ఒక కారు ఆగింది. దిగినాయనకి నాకన్నా నాలుగైదేళ్లు ఎక్కువుంటాయేమో. మా అమ్మని చూసి "ఏయ్, పొలంలో నిలబడితే కూడా డబ్బులు అడుగుతావా నువ్వు?" అన్నాడు. తర్వాత వాళ్లావిడ వైపు తిరిగి, "ఏజెన్సీ జనం కూడా చెడిపోయారు" అన్నాడు. ఇరవై ఇచ్చాడులెండి. ఇవ్వకపోయినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆయన పొద్దున్నించి పార్కింగ్‌కి ఇచ్చాడు, గుహలకి టికెట్ కొన్నాడు, టోల్ కట్టాడు. అక్కడెవరినీ చెడిపోయారు అనలేదు. మా అమ్మ వయసు మనిషిని వైజాగ్‌లో ఏ షాపులోనైనా "మీరు" అనేవాడు. కొండెక్కేసరికి "నువ్వు" అయిపోయింది.

చైత్రంలో ఇటుకల పండక్కి కూడా ఇదే గొడవ. మగవాళ్లు వేటకి పోతే ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టుకుని, పాటలు పాడుకుంటూ వచ్చేపోయే బండ్లని ఆపి పండగ డబ్బులు అడుగుతారు. మనవాళ్ల బండి అయినా, ఆఫీసర్ జీపు అయినా ఆపుతారు. అదొక ఆట, అదొక హక్కు. దాన్ని వీడియో తీసి "టూరిస్టులకి వేధింపులు" అని పెట్టినవాళ్లని నేను చూశాను. అదే పండగలో ఆడే థింసాని మాత్రం రిసార్టులో రాత్రి మంట చుట్టూ పది నిమిషాలు ఆడిస్తే "మన సంస్కృతి ఎంత గొప్పదో" అని పెడతారు. రిసార్టులో ఆడటం తప్పని నేను అనట్లేదు, మా మేనత్త కూతురు వెళ్తుంది, ఆ డబ్బుతోనే ఆమె ఫీజు కడుతుంది. రోడ్డు మీద మనం అడిగితే వేధింపు, వాళ్లు బుక్ చేసుకుంటే సంస్కృతి. ఈ లెక్క నాకు నచ్చలేదు.

ఇక అందరూ రాసే మాట ఒకటుంది, "ప్రశాంతత". ప్రశాంతమైన కొండలు, ప్రశాంతమైన పల్లెలు, ప్రశాంతమైన గుడి. ఎవరికి ప్రశాంతం? మా ఊళ్లో తెల్లవారుజామున మూడున్నరకి బైకుల సైలెన్సర్లు మొదలవుతాయి, మంచు చూడ్డానికి కొండెక్కేవాళ్లవి. ప్రశాంతత కోసం వచ్చినవాళ్లు బ్లూటూత్ స్పీకర్ ఎందుకు తెస్తారో నాకిప్పటికీ అర్థం కాలేదు. తెల్లారాక వాళ్లు దిగిపోతారు, సీసాలూ ప్లేట్లూ పైనే ఉంటాయి. వంజంగి సంగతి మీ అందరికీ తెలిసిందే, లంబసింగి సంగతీ తెలిసిందే. రోడ్డు లేని ఊళ్ల నుంచి గర్భిణిని డోలీలో మోసుకొచ్చే వార్త, మేఘాల కొండ వీడియో, రెండూ ఒకే మండలం నుంచి ఒకే రోజు వస్తాయి మనకి.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఈ పోస్టు రాసే అర్హత నాకుండదు. డిగ్రీ సెకండియర్‌లో మా ఊరి వెనక కొండ మీద నుంచి మంచు వీడియో తీసి నేనే పెట్టాను. "మా ఊరు" అని రాశాను, గర్వంగా. లొకేషన్ అడిగిన ప్రతి ఒక్కరికీ పంపాను. తర్వాత వచ్చే చలికాలానికి కొండ దారిలో బైకులు ఆపుకునే చోటు మా పెదనాన్న వాళ్ల పసుపు చేను అయ్యింది. నేను ఆ వీడియో తీసేశాను, కానీ దాన్ని అప్పటికే వేరేవాళ్లు పెట్టుకున్నారు.

ఆ కొండ మీద జాకరమ్మ ఉంది. ఉంది అంటే, చెట్టు కింద మూడు రాళ్లు. విత్తనాలు చల్లేముందు అక్కడ పూజ చేయకుండా మావాళ్లు నాగలి కట్టరు. గోపురం లేదు, గోడ లేదు, హుండీ లేదు. వచ్చినవాళ్లకి అది కూర్చోడానికి వీలుగా ఉన్న రాళ్లు, అంతే. చెప్పులతో ఎక్కి కూర్చుంటారు, టీ తాగుతారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, గుడి అంటే వాళ్ల కంటికి ఒక రూపం ఉంది, మనది ఆ రూపంలో లేదు. ఊళ్లో కొంతమంది కుర్రాళ్లు "సిమెంటు గుడి కట్టేద్దాం, అప్పుడు భయపడతారు" అంటున్నారు. మా తాత ఒప్పుకోలేదు. ఆయన అడిగింది ఒకటే: గుడి కడితే పూజారి ఎవరొస్తారు?

హుకుంపేట దగ్గర మత్స్యగుండం చూడండి. గెడ్డలో చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి, అవి దేవుడి చేపలని ఎవరూ పట్టరు. శివరాత్రికి జనం విరగబడి వచ్చినా సరే. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఒక్క మాట మీద ఉన్నాయి కాబట్టి వచ్చినవాళ్లు కూడా వింటారు. కేస్లాపూర్ నాగోబా జాతర ఇంకా పెద్దది. పుష్య అమావాస్యకి మెస్రం వంశంవాళ్లు కాళ్లకి చెప్పుల్లేకుండా నడిచి వెళ్లి గోదావరి నీళ్లు తెచ్చాకే పూజ. మంత్రులొస్తారు, కలెక్టర్లొస్తారు, దర్బారు పెడతారు. పూజ ఎప్పుడు, ఎవరు చేయాలి, నీళ్లు ఏ దారిన రావాలి అనేది మాత్రం మెస్రం పెద్దలు చెప్పిందే. అంటే జనం వస్తే మన పద్ధతి పోతుందని రూలేం లేదు. పద్ధతి ఎవరి చేతిలో ఉంది అనేదాన్ని బట్టి ఉంటది.

బొర్రా గుహల దగ్గర ఇంకో కథ చెప్తారు. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ ఈ గుహల్ని కనిపెట్టాడని. ఆ సంస్థ పుట్టిందే 1851లో! పుట్టని ఆఫీసులో ఉద్యోగి 44 ఏళ్లు ముందే వచ్చి గుహ కనిపెట్టాడన్నమాట. మన పెద్దలు చెప్పే కథలో ఆవు పై కన్నంలోంచి లోపల పడిపోతే, వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లింగంలాంటి రాయి కనిపించింది. గోస్తనీ నది పేరుని కూడా ఆ ఆవుతోనే కలుపుతారు. ఆఫీసర్‌కి పేరు, సంవత్సరం అన్నీ దొరికాయి. కాపరికి పేరు లేదు.

అదే బొర్రా ప్రాంతంలో, అనంతగిరి మండలంలో, గనుల లీజుల మీద మొదలైందే సమత కేసు. 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. దాని వెనక ఉన్నది 1/70, అంటే 1959 భూ బదలాయింపు నిబంధనకి 1970లో తెచ్చిన సవరణ. చాలామంది మనవాళ్లు "అమ్మకం తప్పు, లీజు పర్వాలేదు" అనుకుంటారు. ఆ చట్టంలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తనఖా, లీజు, బహుమతి అన్నీ అందులోకే వస్తాయి. ఈ వాక్యాన్ని ఇంటికి ఫోన్ చేసి చదివి వినిపించండి, నిజంగా చెప్తున్నా.

ఎందుకంటే మా చిన్నాన్నకి చెప్పేవాళ్లు లేకపోయారు. రోడ్డు పక్కన ఆయనకి కొంచెం మెట్ట ఉంది. కింద నుంచి ఒకాయన వచ్చి "నీ పేరు మీదే పెడదాం, ఓనర్‌వి నువ్వే" అన్నాడు. టెంట్లు, నాలుగు గదులు, బయట బోర్డు వచ్చాయి. కాగితాల్లో ఓనర్ చిన్నాన్నే. నిజంలో ఆయన అక్కడ రాత్రి వాచ్‌మన్, నెలకి ఏడువేలు. కరెంటు బిల్లు ఆయన పేరు మీద వస్తుంది. పోయినేడాది కట్టడానికి అనుమతి లేదని వచ్చిన నోటీసూ ఆయన పేరు మీదే వచ్చింది. పెట్టుబడి పెట్టినాయన ఫోన్ ఎత్తట్లేదు. చట్టం దగ్గరికి వెళ్దాం అంటే ముందు "నేను పేరు అప్పిచ్చాను" అని చిన్నాన్న నలుగురిలో చెప్పుకోవాలి. ఆయనకి సిగ్గు. ఒక సాయంత్రం నేనూ ఆయనా ఆ బోర్డు కింద కూర్చున్నాం, ఓనర్‌గారు ప్లాస్టిక్ కుర్చీలు తుడుస్తున్నారు అని నేను జోక్ వేయబోయి ఆగిపోయాను.

2025 ఫిబ్రవరిలో టూరిజం కోసం 1/70ని సవరించాలనే మాట పెద్దల నోట వచ్చినప్పుడు మన్యం బంద్ చేశాం. చట్టం మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. గెలిచాం, మంచిదే. కానీ చట్టం మార్చకుండానే మా చిన్నాన్న లాంటివాళ్ల పేర్లతో జరుగుతున్నదానికి ఎవరి మీద బంద్ చేస్తాం?

"మరి టూరిజం వద్దా? మనకి ఉద్యోగాలెక్కడివి?" అని మన గ్రూపులోనే చాలామంది అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. నేను వద్దనట్లేదు. రావద్దు అంటే వాళ్లు ఆగరు కూడా. వైజాగ్ నుంచి రైలుకి అద్దాల పెట్టె 2017లోనే వేశారు. ఇనుప ఖనిజం దింపడానికి వేసిన లైన్ అది, ఇప్పుడు మనుషుల్ని ఎక్కిస్తోంది. నేననేది, రావడానికి షరతులు ఊరు పెట్టాలి, డబ్బు ఊళ్లో ఆగాలి. పీసా చట్టం 1996లో వచ్చింది, మన రాష్ట్రంలో రూల్స్ 2011లో వచ్చాయి. ఊరి ఆచారాలు, ఊరి వనరులు కాపాడుకునే అధికారం గ్రామసభకి ఉందని అందులోనే ఉంది. బండ్లు ఊరి బయటే ఆపాలి, కొండెక్కితే మన కుర్రాడే దారి చూపాలి, అతనికి కూలి ఇవ్వాలి, జాకరమ్మ చెట్టు దగ్గర చెప్పులు విప్పాలి, తెచ్చిన ప్లాస్టిక్ తీసుకుపోవాలి. ఇవి పెద్ద కోరికలేం కావు. చేలో దిగాలంటే అడగాలి, ముసలమ్మని ఫోటో తీయాలంటే అడగాలి. జీలుగు కల్లు ఎక్కడ దొరుకుతుందని అర్ధరాత్రి తలుపు కొట్టకూడదు, ఇది మాత్రం తీర్మానంలో తప్పకుండా రాయించాలి!

గ్రామసభ అంటే ఎలా జరుగుతుందో నాకు తెలుసు. రిజిస్టర్ పట్టుకుని ఇంటింటికీ వచ్చి సంతకాలు పెట్టించుకుపోతారు. మా అమ్మ వేలిముద్ర కూడా అలాగే ఎన్ని తీర్మానాల కింద ఉందో ఆమెకే తెలియదు. అందుకే ఈ పని మనది అంటున్నా. బీకాం చదివినవాళ్లం ఉన్నాం, లెక్కలు రాయగలం. టూరిజం కోర్సు చేసి వైజాగ్ హోటళ్లలో రిసెప్షన్‌లో నిలబడుతున్నవాళ్లూ మనలో ఉన్నారు. ఒక ఊళ్లో నాలుగు ఇళ్లు, ఒక్కో గది, మన వంట, మన లెక్క. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. ఇంటి అరుగు మీద మన అత్త కాచిన కాఫీకి బయటివాడి బోర్డు ఎందుకు?

జనవరి 26న మా ఊళ్లో గ్రామసభ ఉంది. నేను ఇద్దరు ఫ్రెండ్స్‌తో వెళ్తున్నా, తీర్మానం డ్రాఫ్ట్ తెలుగులో రాసుకున్నాం. పెద్దలకి అర్థమయ్యేలా మా భాషలో చదివి వినిపించాలని అనుకుంటున్నాం. చిన్నాన్నని కూడా రమ్మన్నాం, వస్తాడో రాడో. ఎవరి ఊళ్లోనైనా టూరిస్టుల విషయంలో ఇలాంటి తీర్మానం ఇప్పటికే చేసి ఉంటే కాపీ ఫోటో తీసి నాకు పంపండి, అందులో మాటలు ఎలా రాశారో చూసుకుంటాం.

తిరిగొచ్చే రోజు పొద్దున అమ్మ కొత్త అట్టముక్క తెచ్చి బోర్డు మళ్లీ రాయమంది, పాతది మంచుకి తడిసిపోయింది. "ఫోటోకి 20 రూపాయలు" అని రాసి ఇచ్చాను. చూసి, చదవడం రాకపోయినా వేలితో చివర ఖాళీ చూపించి, "ఇక్కడ చోటుంది కదా, పంట అని రాయి" అంది.