ఇంటిదొంగ ఆనవాలు

ఈ వారం ఒక సోదరి ఇలా వ్రాశారు: “మా అమ్మకు రాచపుండు. వైద్యం జరుగుతోంది. ఎలుకలలో కాన్సర్ నయమైందని ఏటా పత్రికల్లో చదువుతున్నాను. ఎలుకకు కుదిరింది మా అమ్మకెందుకు కుదరదు? ఈ పరిశోధనలన్నీ వట్టివేనా?”

వట్టివి కావు సోదరీ. కాని ఒక్క ముక్కలో తేలే జవాబు కాదు. కాస్త ఓపిగ్గా చదవండి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రాచపుండుతో వచ్చిన చిక్కంతా అదే. రోగక్రిమి బయటినుంచి వస్తుంది గనుక, మన రక్తంలోని తెల్లకణాలు దాన్ని పరాయిదని గుర్తించి మీదపడతాయి. కంతిలోని కణం మన ఒంట్లో పుట్టిందే. పరాయిదని చెప్పే ఆనవాలేదైనా దానిమీద ఉందా? ఆ ఆనవాలునే శాస్త్రజ్ఞులు యాంటిజెన్ అంటారు. ఉంటే తెల్లకణాలను దానిమీదికి ఉసికొల్పవచ్చు. లేకపోతే ఆ దారి మూసుకున్నట్టే.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక ఎలుక కంతిని మరో ఎలుకకు అంటిస్తే చాలాసార్లు కరిగిపోయేది. ఇంకేం, టీకా దొరికిందనుకున్నారు. తీరా చూస్తే ఆ ఎలుక తిప్పికొట్టింది రాచపుండును కాదు, పరాయి ఎలుక మాంసాన్ని! అందుకని అన్నాచెల్లెళ్లనే జతకట్టిస్తూ ఇరవై తరాలపాటు ఎలుకలను పెంచారు. అలా వచ్చిన వంశంలో ఎలుకలన్నీ కవలల్లా ఉంటాయి. ఒకదాని చర్మం మరోదానికి అతుక్కుంటుంది. (వీటిలో పేరుమోసిన నల్ల ఎలుకల వంశానికి మూలపుటమ్మ, అమెరికాలో ఆబీ లాత్రోప్ అనే ఒకప్పటి పంతులమ్మ పెంచి అమ్మిన 57వ నంబరు ఎలుక.)

1957లో అమెరికాలో రిచ్మండ్ ప్రేన్, జోన్ మెయిన్ అనే ఇద్దరు చేసిన పని నాకెంతో ముచ్చటగా తోస్తుంది. మిథైల్ కొలాంత్రీన్ అనే రసాయనంతో ఎలుకకు కంతి పుట్టించారు. దాన్ని అదే వంశపు ఎలుకలకు అంటించి, పెరిగాక కోసి తీసేశారు. అదే కంతిని మళ్లీ అంటిస్తే ఈసారి ఎదురుతిరిగాయి. ఇది పాతకథే కదా అంటారేమో. వారు అక్కడితో ఆగలేదు. కంతి మొదట పుట్టిన ఎలుక చర్మాన్ని తెచ్చి వాటికి అతికించారు. చర్మం చక్కగా అతుక్కుంది! అంటే అవి తోసిపుచ్చింది పరాయి మాంసాన్ని కాదు, కంతినే. ఇంటిదొంగకు ఆనవాలుంది.

1960లో స్టాక్‌హోంలో జార్జ్ క్లైన్ బృందం, ఎలుక తన ఒంట్లో పుట్టిన కంతిని సైతం ఎదిరించేట్టు చేయవచ్చునని చూపింది.

చిక్కు ఎక్కడంటే, ఒక కంతికి ఎదురుతిరగడం నేర్చిన ఎలుక మరో కంతిని గుర్తుపట్టదు. వంశం అదే, రసాయనం అదే, అయినా దేని ఆనవాలు దానిదే. మశూచికి వేసినట్టు అందరికీ ఒకే టీకా ఎలా వేస్తారు? (వైరస్ మూలంగా వచ్చే గర్భాశయ ముఖద్వారపు కాన్సర్ సంగతి వేరు. అక్కడ దొంగ బయటివాడు. దాన్ని రానీయకుండా టీకా ఉంది. ఆడపిల్లలున్నవారు తెలుసుకోండి.)

పైగా 1976లో ఇంగ్లండులో హ్యూయిట్ బృందం, రసాయనం లేకుండా తమంతట తాము పుట్టిన కంతులను పరీక్షిస్తే ఆనవాలే కనబడలేదు. చాలామంది పెదవి విరిచారు. బెల్జియంలో థియరీ బూన్ మాత్రం పట్టు వదల్లేదు. అలాంటి కంతి కణాలను కాస్త మార్చి ఎక్కిస్తే ఎలుకలు మార్చని కణాలను కూడా ఎదిరిస్తాయని 1982లో చూపాడు. ఆనవాలు లేక కాదు, మసకగా ఉంది.

హైదరాబాదు సి.సి.ఎం.బి.లో డాక్టరేటు చేసిన ప్రమోద్ శ్రీవాస్తవ 1986లో న్యూయార్కు సహచరులతో కలిసి, కొలాంత్రీన్ కంతులనుంచి ఎలుకలను కాపాడే ప్రోటీనును వేరుచేశాడు. అది ఆనవాళ్లను మోసే బోయీ అని తర్వాత తేలింది. 2014లో సెయింట్ లూయీలో రాబర్ట్ ష్రైబర్ బృందం, అదే కొలాంత్రీన్ కంతిలో జన్యువులు ఎక్కడ మారాయో చదివి, ఆ మార్పులనుబట్టి టీకా తయారుచేసి కొన్ని ఎలుకలను బతికించింది. ఇప్పుడు మనుషులలోనూ ఎవరి కంతికి తగిన టీకా వారికి చేసి చూస్తున్నారు. ఇంకా పరీక్షల దశే.

ఇక మీ అమ్మగారి సంగతి. ఘాటైన రసాయనంతో పుట్టిన ఎలుక కంతికి ఆనవాళ్లు ఎక్కువ. అది చిన్నదిగా ఉన్నప్పుడే వైద్యం మొదలుపెడతారు. మనుషుల కంతులు చాలావరకు అలా కాదు. ఎలుకకు కుదిరింది మనిషికి కుదరకపోవడానికి ముఖ్యకారణాలివి. అయినా ఎలుకల చదువు ఊరికే పోలేదు. తెల్లకణాలకున్న కళ్లెం సడలించే పద్ధతిని జేమ్స్ ఆలిసన్ 1996లో ఎలుకలలో చూపితే, 2011లో అది మనుషులకు మందయింది. 2018లో ఆయనకు నోబెల్ బహుమానంలో భాగం వచ్చింది. ఆ జాతి మందులు కొన్ని రకాల కాన్సర్లకే, అదీ కొందరికే పనిచేస్తాయి. అమ్మగారిది అలాంటి రకమా అని డాక్టరుగారిని మొహమాటపడకుండా అడగండి. పత్రికలో ఎలుకల కబురు చూసి జరుగుతున్న వైద్యం మాత్రం ఆపకండి. ఆమెకెలా ఉందో మళ్లీ వ్రాయండి.