మహానగరంలో తొలి అడుగు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుండి న్యూయార్క్ వంటి మహానగరానికి తొలిసారి వెళ్లే యువతీయువకులకు ఆంగ్లభాష వస్తే చాలునని పలువురు భావిస్తారు. నిజానికి అంతకంటె ముఖ్యమైనది అడిగి తెలుసుకొనే వినయం.

అక్కడ వాహనాలు రహదారికి కుడివైపున నడుస్తాయి. మన అలవాటు చొప్పున కుడివైపు మాత్రమే చూసి అడుగు వేస్తే, ఎడమ నుండి వచ్చే వాహనం ప్రాణం తీయవచ్చు. కనుక ఇరువైపులా చూడాలి. 1904లో ప్రారంభమైన అక్కడి భూగర్భ రైలుమార్గంలో ఎక్స్‌ప్రెస్ రైళ్లు అన్ని స్టేషన్లలో ఆగవు. పల్లెవెలుగు బస్సుకు, ఎక్స్‌ప్రెస్ బస్సుకు గల భేదం ఎరిగిన మనవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అయినా ఎక్కేముందు విచారించుకోవాలి. పాస్‌పోర్టు నకలును వేరుగా భద్రపరచుకోవాలి. ఆపదలో 911కు ఫోన్ చేయాలి.

తెలియనిది అడగడానికి సిగ్గుపడేవారు పరదేశంలోనే కాదు, స్వగ్రామంలోనూ దారి తప్పుతారు.