పానా ఎవరి చేతిలో?

విడిభాగాలు కొనుక్కుని ఇంట్లోనే బిగించుకోగల తేలికపాటి స్పోర్ట్స్ కారు 'లోటస్ సెవెన్' 1957లో ఇంగ్లండులో వచ్చింది. దాన్ని విప్పడం, మార్చడం, మళ్ళీ బిగించడం మగవాళ్ళ సరదాగానే చలామణీ అయింది. కోలిన్ చాప్‌మన్ 1952లో ఆ కంపెనీ పెట్టింది హేజెల్ విలియమ్స్ అప్పిచ్చిన 25 పౌండ్లతోనని ఎందరికి తెలుసు? 1888లో కారులో నూరు కిలోమీటర్లకు పైగా వెళ్ళి, దారిలో మూసుకుపోయిన ఇంధనపు గొట్టాన్ని టోపీ పిన్నుతో బాగుచేసుకున్న బెర్తా బెంజ్ ఎందరికి గుర్తుంది?

కోవూరు నుంచి పెన్న దాటి నెల్లూరుకు స్కూటర్ల మీద ఉద్యోగాలకు పోయే ఆడవాళ్ళను నేను చూస్తున్నాను. బండి మొరాయిస్తే మాత్రం అన్ననో, మొగుణ్ణో పిలవాల్సిందే. కుట్టుమిషను విప్పి, నూనె వేసి, బిగించే చేతికి స్పార్క్ ప్లగ్ ఎందుకు కొత్త? తీరిక, పెరట్లో చోటు, చెడగొట్టి నేర్చుకునే హక్కు - మూడూ మగపిల్లలకే దక్కుతున్నాయి కనుక. వాడు పాడుచేస్తే అనుభవం, ఆడపిల్ల పాడుచేస్తే నష్టం! పితృస్వామ్యం చేసిన పని పంపకం ఇదే.

ఈ జిల్లాలోనే 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకుంటూ సారాను నిలదీశారు. పానా పట్టడం కూడా అక్షరాస్యతే. పొదుపు సంఘాల శిక్షణలో కుట్లు, అల్లికలతో పాటు బండి మరమ్మతునూ చేర్చమని అడుగుదాం.