కొత్త బారెల్‌కు మడి కట్టకండి

రైఫిల్ పట్టిన చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న ఆదివారం రేంజిలో మీలో ఒకబ్బాయి పాయింట్ టూ టూ రైఫిల్‌కు కొత్త బారెల్ బిగించుకొచ్చాడు. ఒక షాట్ కొట్టడం, లేచి రాడ్ దూర్చి తుడవడం, మళ్లీ పడుకుని ఇంకొకటి కొట్టడం. రెండు గంటలకు 20 షాట్లు. అడిగితే "బ్రేక్‌ఇన్ చేస్తున్నా తాతగారూ" అన్నాడు. నలుగురిలో ఎందుకని అప్పుడు ఊరుకున్నాను.

మా రోజుల్లో కొత్త స్కూటర్ కొంటే కొన్నాళ్లు 40 దాటనిచ్చేవారు కాదు. పిస్టన్, సిలిండర్ ఏళ్ల తరబడి ఒరుసుకుంటూ కాపురం చేయాలి కనుక ఆ జాగ్రత్తకు అర్థముంది. బారెల్ సంగతి అది కాదు. తూటా దాన్ని దాటేది ఒక్కసారే, అదీ సెకనులో వెయ్యోవంతు, కాస్త అటూ ఇటూ. పెద్ద రైఫిల్ బారెల్ 5000 రౌండ్లు కొట్టి రిటైరైనా, లోపల తూటాలు నడిచిన కాలమంతా కూడితే 10 సెకన్లు కూడా కాదు.

అసలు ఈ ఆచారం పెద్ద రైఫిళ్లది. ఛాంబర్ కోసే రీమర్ బారెల్ గొంతు దగ్గర అడ్డంగా సన్నటి గీతలు వదులుతుంది. రాగి తొడుగున్న తూటా వాటికి గీరుకుని, ఆ రాగిని ముందుకంతా అంటిస్తుంది. కొన్ని షాట్లకు గీతలు నునుపవుతాయి, అందాకా రాగి పేరుకోకుండా తుడవమన్నారు. సబబే. క్రీగర్ బారెళ్లవాళ్లు ఇలాగే చెబుతారు. గేల్ మెక్‌మిలన్ మాత్రం అది బారెల్ ఆయుష్షును వృథా చేయడమేనని కొట్టిపారేశాడు. ఇద్దరూ చేయి తిరిగిన అమెరికా తయారీదారులే. అయినా తగవు తేలదు, ఒకే బారెల్‌ను మడితో ఒకసారి, మడి లేకుండా ఒకసారి కొత్తగా కాల్చి చూడలేం కదా! వందో షాట్‌కు గ్రూపు దగ్గరపడితే పుణ్యమంతా తుడుపుగుడ్డ ఖాతాలో పడుతుంది. ఆ వందా కొట్టి కుదురుకున్న భుజాన్ని ఎవరూ తలుచుకోరు.

పాయింట్ టూ టూకు ఆ తగవు కూడా లేదు. మ్యాచ్ తూటా ఒట్టి సీసం, పైన మైనమో గ్రీజో పూత. తుడిచిన ప్రతిసారీ బారెల్ లోపలి ఆ పూత పోతుంది. అది మళ్లీ సమంగా పరుచుకునేదాకా షాట్లు చెదురుతాయి. 50 మీటర్ల టార్గెట్‌లో పది వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. అంటే మన అబ్బాయి 20కి 20 చెదిరే షాట్లే ఏరి కొట్టాడు, పాపం.

నా మాట వినేవాళ్లు ఇలా చేయండి. కొత్త బారెల్‌లో ఫ్యాక్టరీ నూనె, లోహపు పొడి ఉంటాయి, ఒకసారి శుభ్రంగా తుడిచి కాల్చండి. పెద్ద రైఫిలైతే ఏ పదింటికో రాగి కరిగించే ద్రావణంతో తుడిచి, గుడ్డ మీద రాగి నీలం ఎంత దిగిందో చూడండి. తగ్గిందా, ఇక ఆపేయండి. (రాడ్ కొసన గుడ్డ పట్టే జాగ్ ఇత్తడిదైతే ఆ నీలం జాగ్‌ది కూడా కావచ్చు, మోసపోకండి.) రాడ్‌ను ఛాంబర్ వైపు నుంచే, గైడ్ పెట్టి దూర్చండి. కాల్చి పాడైన బారెళ్ల కంటే మూతి వైపు నుంచి పొడిచి పాడుచేసినవే నేను ఎక్కువ చూశాను.

ఆ ఆదివారం టార్గెట్ కార్డు పారేయకు నాయనా. తేదీ వేసి ఉంచు. వచ్చే వారం తుడవకుండా 60 కొట్టి, రెండూ తీసుకుని నా దగ్గరికి రా.

ఇట్లు,
రేంజి మూల కుర్చీలో కూర్చునే మీ తాతగారు