కాలువలో కంప ఎవరు తీయాలి? ఒకసారి నరికితే ఎందుకు సరిపోదు?

తుంగభద్ర దిగువ కాలువకు మామూలుగా జులైలో నీళ్లు వదులుతారు. ఏప్రిల్ నుంచి అప్పటిదాకా కాలువ ఎండి ఉంటుంది. పెద్దకడుబూరు, కోసిగి, ఎమ్మిగనూరు వైపు పిల్లకాలువల్లో కంప తీయాలన్నా, పూడిక ఎత్తాలన్నా ఈ మూడు నెలలే సమయం. ఏటా ఈ రోజుల్లోనే ఊళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "జనం కూడా ముందుకు రావాలి." రావాలి, నిజమే. కానీ ఏ హోదాలో రావాలి? కూలీలుగానా, కాలువ సొంతదారులుగానా? ఏం నరకాలో, ఎలా తీయాలో, మళ్లీ ఎప్పుడు చూడాలో చెప్పే హక్కు వాళ్లకు ఉందా? కంప తిరిగి రావడానికీ రాకపోవడానికీ తేడా అక్కడే ఉంది.

దిగువ కాలువ హోసపేట దగ్గరి డ్యామ్‌లో మొదలై, బళ్లారి జిల్లా దాటి కర్నూలు పడమటి మండలాల్లోకి వస్తుంది. మన రాష్ట్రంలో దీని కింద ఆయకట్టు సుమారు 1.51 లక్షల ఎకరాలు. కాలువ పొడవు ఎక్కువ, నీళ్లు తక్కువ. కంప, తుంగ, జమ్ము పెరిగిన చోట నీటి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే మట్టి కూర్చుంటుంది. మట్టి కూర్చున్న చోట మళ్లీ మొక్క మొలుస్తుంది. నష్టం ముందుగా తగిలేది చివరి భూముల రైతుకే.

ఈ చెట్టు ఎక్కడిది?

మనం సర్కారు తుమ్మ అంటాం. సరిహద్దు దాటితే కన్నడిగులు బళ్లారి జాలి అంటారు. తమిళంలో సీమై కరువేలం. ప్రతివాళ్లూ దాన్ని ఇంకొకరి చెట్టుగానే పిలుస్తారు. అసలు ఊరు మధ్య, దక్షిణ అమెరికా. జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటారు. దేశంలోనే తొలి నాట్లలో అదొకటి. వంటచెరకు దొరకాలి, బంజరు నేల పచ్చబడాలి అన్నది అప్పటి అటవీ అధికారుల ఆలోచన. అంటే సీమలో ఈ చెట్టు తనంతట తాను దిగలేదు. 'సర్కారు' అన్న మాట ఊరికే అతుక్కోలేదు.

దాని కాయ తియ్యగా ఉంటుంది. గొర్రెలు, మేకలు ఇష్టంగా తింటాయి. లోపలి గింజ అరగదు, పెంటతో పాటు బయటపడి ఇంకా బాగా మొలుస్తుంది. కాయలు నీళ్ల మీద తేలుతూ కూడా పోతాయి. నేలలో పడిన గింజ ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. నేల మట్టానికి నరికితే ఇది చావదు, మొదలు నుంచి నాలుగైదు పిలకలు వేస్తుంది. నిరుడు ఒక కాండం ఉన్నచోట ఈ ఏడు పొద కనిపిస్తుంది. చావాలంటే నేల కింద అడుగు లోతు వరకైనా మొదలును పెకలించాలి.

ఈ చివరి రెండు వాక్యాలు ఊళ్లో గొర్రెల కాపరికీ, కట్టెలు కొట్టే ఆడమనిషికీ తెలుసు. ప్రభుత్వ పని కొలతకు మాత్రం తెలియనట్టు ఉంటుంది.

బాధ్యత ఎవరిది?

కాగితం మీద ముగ్గురిది.

మొదటిది నీటి వినియోగదారుల సంఘం. 1997లో ఉమ్మడి రాష్ట్రం రైతుల సాగునీటి యాజమాన్య చట్టం తెచ్చింది. పదివేలకు పైగా సంఘాలు ఏర్పడ్డాయి. కాలువల నిర్వహణ, కలుపు తీయడం, పూడిక తీయడం వాటి పని. నీటి తీరువాలో వాటా వాటి ఆదాయం. సంఘం సభ్యులు, ఇంజినీర్లు కలిసి కాలువ వెంట నడిచి, ఏ పని ముందు చేయాలో అక్కడికక్కడే రాసుకునే పద్ధతి కూడా అప్పుడే వచ్చింది. తర్వాత సంఘాలు పడుతూ లేస్తూ వచ్చాయి. పదవీకాలం ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలు జరగని రోజులున్నాయి. చివరికి 2024 డిసెంబరులో రాష్ట్రంలో ఆరువేలకు పైగా సంఘాలకు మళ్లీ ఎన్నికలు పెట్టారు. కాబట్టి ఈ ఎండాకాలం మీ కాలువకు ఒక అధ్యక్షుడు, సభ్యులు ఉన్నారు. అడగడానికి మనిషి ఉన్నాడు.

రెండోది గ్రామ పంచాయతీ. 1994 పంచాయతీరాజ్ చట్టంలో పంచాయతీ విధుల మధ్య పిచ్చిచెట్లు, నాగజెముడు తొలగించడం అని స్పష్టంగా ఉంది. సర్కారు తుమ్మ పేరు లేదు కానీ నాగజెముడు పేరు ఉంది. అదొక పాత కథ. వందేళ్ల కిందట మద్రాసు ప్రెసిడెన్సీలో పొలాల్ని మింగేసిన మొక్క నాగజెముడు. 1926లో శ్రీలంక నుంచి తెచ్చి వదిలిన ఒక పురుగు కొద్ది ఏళ్లలోనే దాన్ని అణచేసింది. మొక్క పోయింది, చట్టంలో పేరు మిగిలింది. సర్కారు తుమ్మకు మాత్రం అంత సులువు దారి దొరకలేదు, పెకలించాల్సిందే. పంచాయతీ చేయి కూడా వీధులు, కుంటలు, మురుగు వరకే ఆడుతుంది. కాలువ గట్టు జలవనరుల శాఖది.

మూడోది ఉపాధి హామీ. డబ్బు నిజంగా కదిలేది ఇక్కడే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులపై చర్చించింది కూడా అందుకే. పిల్లకాలువల్లో కంప తీత, పూడిక తీత ఈ పథకం కింద చేయించుకోవచ్చు.

మరి ఏటా చేస్తున్నా ఎందుకు పెరుగుతోంది?

ఉపాధి కూలి రోజుకు ఇంత అని ప్రకటిస్తారు. 2025–26లో మన రాష్ట్రంలో అది 307 రూపాయలు. చేతికొచ్చేది మాత్రం పని కొలతను బట్టే. కంప పని అంటే ఎంత విస్తీర్ణం శుభ్రమైందని చూస్తారు. నేల కింద మొదలు ఉందా, పోయిందా అన్నది కొలతలో కనిపించదు. ఒక పొదను పైన నరకడానికి పట్టే సమయం వేరు, మే నెల ఎండలో గట్టిపడిన గట్టును గడ్డపారతో తవ్వి మొదలు తీయడానికి పట్టే సమయం వేరు. రెండింటికీ కూలి ఒకటే అయితే ఏ కూలీ అయినా పైపైన నరికే పోతాడు. అందులో అతని తప్పేమీ లేదు. మనం నరకడానికి డబ్బిస్తున్నాం, తీయడానికి కాదు.

జేసీబీ పెడితే అయిపోతుందిగా అంటారు. కూలీల పనిని మింగే యంత్రాలు వాడకూడదన్నది ఉపాధి చట్టంలో మూల నియమం. ఆ నియమం మంచిదే, అది లేకపోతే పథకమే కాంట్రాక్టరుకు పోతుంది. ముదిరిన మొదళ్లకు యంత్రం కావాలంటే ఆ ఖర్చు వేరే పద్దు నుంచి, అంటే సంఘం నిధి నుంచో శాఖ నిర్వహణ నిధుల నుంచో రావాలి. రెండు పద్దులు ఒకే నెలలో ఒకే కాలువ మీదకు రావడం అరుదు.

గుజరాత్‌లోని కచ్ ప్రాంతం ఇదే పాఠం పెద్ద ఎత్తున నేర్చుకుంది. అక్కడి బన్నీ గడ్డిభూముల్లో 1960ల్లో అటవీ శాఖే ఈ చెట్టు నాటింది. గడ్డి తగ్గిపోయి పశువుల కాపరులు దెబ్బతిన్నారు. 2004లో బొగ్గు కాల్చుకోవడానికి ప్రభుత్వం అనుమతించింది, వేళ్లతో తీస్తారని ఆశించింది. జనం పైన నరికి బొగ్గు చేశారు, చెట్టు మళ్లీ చిగిర్చింది. 2008లో అనుమతి రద్దయింది. ఆ ప్రయత్నంలో జనం ఉన్నారు, వాళ్లకు ఆదాయమూ వచ్చింది. అయినా చెట్టు పోలేదు, ఎందుకంటే ఆదాయం మొదలుతో ముడిపడలేదు.

మన దగ్గరా బొగ్గు, వంటచెరకు, దొడ్డికి కంచె, మేకలకు కాయ అన్నీ ఈ చెట్టువే. దీన్ని నమ్ముకుని పొయ్యి వెలిగించే ఇళ్లున్నాయి. వాళ్లను పిలవకుండా 'సంపూర్ణ నిర్మూలన' అని తీర్మానం రాసుకుంటే అది కాగితం మీదే ఉంటుంది. కాలువ గట్టు, తూముల చుట్టుపక్కల, కుంట కట్ట మీద మొదలుతో తీయాలి. గట్టుకు దూరంగా ఉన్న బంజరులో కట్టెకు వదలాలి. ఈ గీత ఎక్కడ గీయాలో చెప్పగలిగేది ఆ ఊరివాళ్లే.

ఓ చిన్న ద్వీపంలో ఏం చేశారు?

ఆస్ట్రేలియాకు తూర్పున సముద్రంలో లార్డ్ హౌ అనే చిన్న ద్వీపం ఉంది. జనాభా కొన్ని వందలే. ఇళ్ల తోటల్లో అందానికీ పండుకూ పెంచుకున్న మొక్కలు అడవిలోకి పాకి ద్వీపం మీద పడ్డాయి. జామలో ఒక రకం కూడా వాటిలో ఉంది. 2004 నుంచి పద్ధతిగా తీత మొదలుపెట్టారు. ద్వీపాన్ని ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కను వెతికి తీసి, ఆ ముక్కకు మళ్లీ మళ్లీ తిరిగి వచ్చేలా దశాబ్దాల ప్రణాళిక వేసుకున్నారు. ఎవరి స్థలంలో మొక్క ఉంటే వాళ్లే తీయాలి.

మనం తీసుకోవాల్సింది 'తిరిగి రావడం' అన్న ఒక్క ముక్క. మిగతాది అలాగే అతకదు. ద్వీపం చుట్టూ సముద్రం ఉంటుంది. కాలువకు రెండు చివరలూ తెరిచే ఉంటాయి. పైఊరి గట్టు మీది కాయ నీళ్లలో తేలుతూ కిందిఊరి పొలం చేరుతుంది. అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఉపాధి పని ఊరి హద్దుతో ఆగిపోతుంది. కంప పెరిగేది పైఊరి హద్దులో. అక్కడి రైతుకు నీళ్లు అందుతూనే ఉంటాయి కాబట్టి అతనికి తొందర లేదు. పంట ఎండేది కిందిఊళ్లో, వాళ్లకు పైఊరి మస్టర్‌లో చోటు లేదు. ఊరి వారీగా కాకుండా కాలువ పొడవునా ఆలోచించగలిగేది నీటి సంఘం, దాని మీద ఉండే డిస్ట్రిబ్యూటరీ కమిటీ మాత్రమే. పని జాబితా తయారుచేసే బరువు వాటి మీదే పెట్టాలనడానికి కారణం అదే.

ఇంకో లోటు కూడా చెప్పుకోవాలి. సంఘంలో ఓటు రికార్డుల్లో పేరున్నవాళ్లకే. నోటి మాట మీద కౌలు చేసేవాళ్లు, పట్టా భర్త పేరున ఉండి చేను తాను చూసుకునే ఆడవాళ్లు, కూలీలు బయటే. పైగా ఈ మండలాల్లో పంట అయ్యాక సగం ఊరు గుంటూరు మిరప కోతలకో, బెంగళూరు కట్టడాలకో సుగ్గికి పోతుంది. జనవరి, ఫిబ్రవరిలో సభ పెడితే గడ్డపార పట్టేవాళ్లు ఊళ్లోనే ఉండరు. ఉగాదికి తిరిగొచ్చాక పెట్టాలి.

మీరు ఏం అడగొచ్చు?

నీళ్లు రాకముందే సంఘం అధ్యక్షుణ్ని, ఇరిగేషన్ ఏఈని, లస్కర్‌ను పిలిచి కాలువ వెంట తూము నుంచి చివరి మడి దాకా నడవమనండి. గొర్రెల కాపరిని ఒకరిని వెంట తీసుకెళ్లండి, గింజ ఎటు పోతుందో అతనికి తెలుస్తుంది. గ్రామసభలో పని రాయించేటప్పుడు 'జంగిల్ క్లియరెన్స్' అని ఒక్క మాటతో వదిలేయకుండా, మొదళ్లు పెకలించడం వేరే అంశంగా, వేరే కొలతతో రాయమనండి. అంచనా వేసే టెక్నికల్ అసిస్టెంటు కాదంటే కారణం రాతలో అడగండి. వానలు పడిన రెండు నెలలకు అదే ముక్కలో మొలకలు పీకే పనిని కూడా ఇప్పుడే జాబితాలో చేర్చండి. వేలెడు మొలకను తడి నేలలో చేత్తో లాగేయవచ్చు, ఏడాది తర్వాత దానికే గడ్డపార కావాలి.

గట్ల మీద తెల్ల పూలతో కనిపించే వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి, వేరే లెక్క. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది కాబట్టి పూత రాకముందే పీకాలి. చేతికి గుడ్డో గ్లౌజో లేకుండా పట్టుకోవద్దు. దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లుంటారు. బడి పిల్లలతో శ్రమదానం పేరుతో ఆ పని అసలు చేయించొద్దు.

పని అయ్యాక కొలత పుస్తకంలో ఏం రాశారో చూపించమని అడిగే హక్కు కూలీకీ ఉంది, రైతుకూ ఉంది. సామాజిక తనిఖీ బృందం వచ్చినప్పుడు కాలువ దగ్గరికి తీసుకెళ్లి, రాసిన చోట మొదలు తవ్విన గుంత ఉందో లేదో చూపించండి.