చోకు తీగను ముందు చూడుడు

చలికాలపు వేకువను నర్సీపట్నమునుండి లంబసింగి వైపునకు పాతబండి నడుపు సభ్యులకు చోకు విలువ తెలియును. చల్లని ఇంజనులో పెట్రోలు చక్కగా ఆవిరి కాదు. కనుక చోకు రేకు మూసికొని గాలిని తగ్గింపవలెను. కరెంటు చోకుగల కార్బ్యురేటరులందు ఈ రేకును రెండు లోహముల చుట్టయొకటి మూయును. ఇంజను తిరుగుచుండగా కరెంటుచే ఆ చుట్ట వేడెక్కి రేకును తెరచును.

ఇంజను వేడెక్కినను నల్లపొగ తగ్గనిచో వెంటనే కార్బ్యురేటరు విప్పించుట దండుగయని మా యభిప్రాయము. ముందుగా చల్లని ఇంజనుపై ఎయిర్ ఫిల్టరు మూత తీసి, యాక్సిలరేటరు నొకసారి త్రొక్కి విడువుడు, రేకు మూసికొనవలెను. ఇంజను నడచిన కొలది నిమిషములకు అది పూర్తిగా తెరచుకొనవలెను. అట్లు కాకున్న, ఇంజను తిరుగుచుండగనే 12 వోల్టుల టెస్టు బల్బును చోకు తీగకును ఇంజను ఇనుమునకును తగిలింపుడు. బల్బు వెలుగదేని దోషము ఫ్యూజులోనో తీగలోనో యున్నది. వెలిగినచో చోకు ఎర్తును, రేకు ఇరుసునకు పట్టిన జిడ్డును చూడవలెను. అవి బాగుండియు రేకు కదలకున్నప్పుడే చోకు మార్పింపుడు.

కొందరు మేస్త్రీలు ఇగ్నిషను కాయిలు తీగనుండియే చోకునకు కరెంటు నిత్తురు. ఇది మాకు సమ్మతము గాదు. నిప్పురవ్వ బలము తగ్గును. మరికొందరు రేకును తెరచి కట్టివేయుదురు. చలిలో బండి లేవక బ్యాటరీ దిగిపోవును. ఇక మూసిన రేకుతోనే నడుపుట మరియు చెరుపు: మిగులు పెట్రోలు సిలిండరు గోడలపై నూనెను కడిగి పిస్టను రింగులను అరగదీయును.